డ్రాఫ్ట్‌లో పేర్లు పెరిగాయి, రిక్రూటింగ్ మాత్రం కదల్లేదు: ఒక కాలేజీ ఫుట్‌బాల్ ప్రోగ్రామ్ కేస్ స్టడీ

ఈ కేసు అమెరికాలోని ఒక ప్రభుత్వ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ప్రోగ్రామ్‌ది. అక్కడ రిక్రూటింగ్ (హైస్కూల్ ఆటగాళ్లను కాలేజీ జట్టుకు తెచ్చుకోవడం) డేటా చూసే పని నాది. యూనివర్సిటీ పేరు, రాష్ట్రం, కోచ్‌ల పేర్లు, ఏయే సంవత్సరాల్లో జరిగిందీ చెప్పడం లేదు. ఆటగాళ్లను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం, దాని తర్వాత ఏమైంది అనేది మాత్రం ఉన్నదున్నట్టే రాశాను.

దీన్ని తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. మనవాళ్ల పిల్లలు ఇక్కడ హైస్కూల్ జట్లలో ఆడుతున్నారు. కాలేజీల నుంచి ఉత్తరాలు, ఫోన్లు మొదలయ్యేసరికి తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "ఈ కాలేజీ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ఎంతమంది వెళ్లారు?" ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్. మంచి ప్రశ్నే. కానీ ఆ అంకె ఒక్కటే చూస్తే ఎక్కడ తప్పుదారి పడతామో ఈ కేసు బాగా చూపిస్తుంది.

నేపథ్యం

ఆట పరిచయం లేనివాళ్ల కోసం రెండు మాటలు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేదే డ్రాఫ్ట్. ఏటా ఏప్రిల్ చివర్లో జరుగుతుంది. ఏడు రౌండ్లు, 32 జట్లు, మొత్తం 260 దాకా ఎంపికలు. హైస్కూల్ వదిలి మూడేళ్లు అయితేనే అర్హత. కాలేజీలో ఆడేవాళ్లలో డ్రాఫ్ట్ అర్హత వచ్చినవారిని మాత్రమే లెక్కేసినా, ఎంపికయ్యేది నూటికి ఇద్దరి కంటే తక్కువ. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ స్వయంగా చెప్పే అంచనా 1.6 శాతం.

ఇక హైస్కూల్ పిల్లలకు రిక్రూటింగ్ వెబ్‌సైట్లు స్టార్లు ఇస్తాయి. ఐదు స్టార్ల కుర్రాళ్లు దేశం మొత్తం మీద ఏటా దాదాపు ముప్పై మందే తేలతారు. జార్జియా, అలబామా, ఒహాయో స్టేట్ లాంటి పెద్ద ప్రోగ్రామ్‌లు వాళ్లను పంచుకుంటాయి. మాది మధ్య స్థాయి కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడే కాలేజీల గుంపు). మాకు వచ్చేవాళ్లు ఎక్కువగా మూడు స్టార్ల వాళ్లు, నాలుగైదు గంటల కారు ప్రయాణంలో ఉన్న ఊళ్ల పిల్లలు. పెద్ద ప్రోగ్రామ్‌లు చూసి, ఎత్తు చాలదనో బరువు చాలదనో వదిలేసిన వాళ్లు.

అలాంటి చోట కొద్ది డ్రాఫ్ట్‌ల వ్యవధిలో నలుగురు ఎంపికయ్యారు. ఎదుటివాళ్ల పాస్‌లను ఆపే ఇద్దరు కార్నర్‌బ్యాక్‌లు, ఒక సేఫ్టీ, ముందు వరసలో ఆడే ఒక డిఫెన్సివ్ ఎండ్. అందరూ డిఫెన్స్, అంటే ఎదుటి జట్టును ఆపే వైపు వాళ్లే. అందులో ఒకరిని తొలి రౌండ్లలోనే తీసుకున్నారు. మా స్థాయి ప్రోగ్రామ్‌కి ఇది పెద్ద విషయం. అంతకుముందు ఒక్కరు ఎంపికైతే ఆ ఏడాదంతా చెప్పుకునేవాళ్లం. హెడ్ కోచ్‌కీ, అథ్లెటిక్ డైరెక్టర్‌కీ ఒకటే నమ్మకం కలిగింది: ఇక పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు.

సమస్య

రాలేదు. ఆ తర్వాతి రెండు రిక్రూటింగ్ క్లాసులూ (ఒక్కో ఏడాది సంతకం చేసిన బృందాలు) ర్యాంకింగ్‌లో పాతచోటే ఉన్నాయి. నాలుగు స్టార్ల కుర్రాళ్లు మా క్యాంపస్‌కి రావడం పెరిగిన మాట నిజం. యూనిఫాం వేసుకుని ఫోటోలు దిగేవారు. డిసెంబర్ సంతకాల రోజున వేరే కాలేజీ టోపీ పెట్టుకునేవారు. మాకు అలవాటైన ఊళ్లలో, ఇదివరకు మాకే మాటిచ్చే కుర్రాళ్లలో కొందరు పోటీ ప్రోగ్రామ్‌లకు వెళ్లారు. శీతాకాలం వచ్చేసరికి మా స్టార్టర్లు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) పేర్లు ఇవ్వడం మొదలైంది.

హెడ్ కోచ్ నా ముందు పెట్టిన ప్రశ్న సూటిగా ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ఆటగాళ్లను పంపించాం, మరి పిల్లలు ఎందుకు రావడం లేదు?

లెక్క చూసిన తీరు

మొదట అందరూ ఆశించేది ఒక మోడల్. డ్రాఫ్ట్ ఎంపికలు ఒకవైపు, రిక్రూటింగ్ ర్యాంకు ఇంకోవైపు పెట్టి సంబంధం చూడటం. దేశంలోని ప్రోగ్రామ్‌లన్నీ తీసుకుంటే ఆ సంబంధం చాలా బలంగా కనబడుతుంది. జార్జియా 2022లో ఒకే డ్రాఫ్ట్‌కి 15 మందిని పంపింది. ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో అది రికార్డు. అంతకుముందు 2004లో ఒహాయో స్టేట్, 2020లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) 14 మంది చొప్పున పంపాయి. ఈ మూడూ రిక్రూటింగ్‌లో పైన ఉండే ప్రోగ్రామ్‌లే.

నేను ఆ దారిలో వెళ్లలేదు. ఎందుకంటే అక్కడ ఏది కారణం, ఏది ఫలితం అన్నది తేలదు. మన ఊళ్లలో కార్పొరేట్ కాలేజీల హోర్డింగులు చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. పదో తరగతిలోనే టాపర్లను ఏరి, ఫీజు మాఫీ చేసి తెచ్చుకుంటారు. రెండేళ్ల తర్వాత వాళ్ల ర్యాంకులు హోర్డింగు మీదికి ఎక్కుతాయి. ఆ ర్యాంకు చూసి మళ్లీ టాపర్లు చేరతారు. పిల్లాడి తెలివి ఎంత, కాలేజీ చదివించింది ఎంత అన్నది ఆ బోర్డు చెప్పదు. ఐదు స్టార్ల కుర్రాడు ఏ పెద్ద ప్రోగ్రామ్‌లో చేరినా డ్రాఫ్ట్ అయ్యే అవకాశం ఎక్కువే. కాబట్టి దేశం మొత్తం లెక్క మా ప్రశ్నకు జవాబు ఇవ్వదు. మా దగ్గరికి వచ్చేవాళ్లు టాపర్లు కాదు.

రెండో కారణం, మా సంఖ్యలు చిన్నవి. ఏడాదికి ఇరవై, పాతిక మంది సంతకం చేసే చోట గణాంకం ఏదో ఒక అంకె ఇస్తుంది కానీ దాన్ని నమ్మి డబ్బు ఖర్చు పెట్టలేం. అందుకని ఒక్కొక్క ఫైలూ చదివాను. మేము ఆఫర్ ఇచ్చిన ప్రతి కుర్రాడూ చివరికి ఎక్కడ చేరాడు, ఏ పొజిషన్, ఇల్లు ఎంత దూరం, ఏ హైస్కూల్, మా కోచ్‌లలో ఎవరు మాట్లాడారు. కాదన్న కుర్రాళ్ల హైస్కూల్ కోచ్‌లతోనూ, వీలైనచోట తల్లిదండ్రులతోనూ మా రిక్రూటింగ్ సిబ్బంది మళ్లీ మాట్లాడారు. ఒప్పించడానికి కాదు, కారణం తెలుసుకోవడానికి.

ఫైళ్లన్నీ పక్కపక్కన పెడితే కనిపించింది ఇది. డ్రాఫ్ట్ అయిన మా ఆటగాళ్ల పేర్లు తమంతట తాము ఎత్తింది దాదాపుగా డిఫెన్సివ్ బ్యాక్‌లే. అంటే కార్నర్‌బ్యాక్, సేఫ్టీ ఆడే కుర్రాళ్లు. పాస్‌లు పట్టే వైడ్ రిసీవర్లకు ఆ పేర్లతో పని లేదు. వాళ్లు అడిగింది బంతి ఎవరు విసురుతారని. బంతి విసిరేవాడికి కాపలాగా నిలిచే ఆఫెన్సివ్ లైన్ కుర్రాడి తండ్రి ఒకాయన, "మీ లైన్ నుంచి చివరిసారి ఎవరు వెళ్లారు?" అని అడిగితే మా కోచ్ దగ్గర జవాబు లేదు.

ఇది మా ఒక్కరి సంగతే కాదు. అయోవా ప్రోగ్రామ్‌ని చూడండి. రిక్రూటింగ్ ర్యాంకుల్లో పైవరసలో కనిపించదు. కానీ టైట్ ఎండ్ (ఎదుటివాళ్లను అడ్డుకోవడం, పాస్ పట్టడం రెండూ చేసే ఆటగాడు) అంటే ఆ పేరు చెబుతారు. జార్జ్ కిటిల్ 2017లో ఐదో రౌండ్‌లో వెళ్లి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అగ్రశ్రేణి ఆటగాడయ్యాడు. 2019లో టీజే హాకెన్సన్, నోవా ఫ్యాంట్ ఇద్దరూ ఒకే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లో వెళ్లారు. 2023లో శామ్ లపోర్టా రెండో రౌండ్‌లో వెళ్లాడు. ఆ పేరు టైట్ ఎండ్‌లను లాగినంతగా రిసీవర్లను లాగలేదు. ఒహాయో స్టేట్‌లో అదే పని రిసీవర్ల విషయంలో జరిగింది. 2022లో గారెట్ విల్సన్, క్రిస్ ఒలావే, 2023లో జాక్సన్ స్మిత్ ఎన్‌జిగ్బా, 2024లో మార్విన్ హారిసన్ జూనియర్, 2025లో ఎమెకా ఎగ్‌బూకా, అందరూ మొదటి రౌండే. పదహారేళ్ల రిసీవర్ ఎవరైనా ఆ వరసలో తన పేరు ఊహించుకోగలడు.

ఫైళ్లలో తేలిన రెండో విషయం మాకు ఇబ్బంది కలిగించింది. డ్రాఫ్ట్ జాబితాలో ఆటగాడి పేరు పక్కన చివరగా ఆడిన కాలేజీ పేరే ఉంటుంది. 2025లో మొదటి ఎంపికగా వెళ్లిన క్యామ్ వార్డ్ పక్కన మయామీ అని ఉంటుంది. అతను ఇన్‌కార్నేట్ వర్డ్‌లో మొదలుపెట్టి, వాషింగ్టన్ స్టేట్‌లో ఆడి, చివరి సీజన్‌కి మయామీ వచ్చాడు. మా నలుగురిలో ఉన్న సేఫ్టీ కూడా కింది డివిజన్ నుంచి వచ్చి మా దగ్గర ఒకే సీజన్ ఆడాడు. మేము మాత్రం "మేము తయారుచేసిన నలుగురు" అని చెప్పుకుంటున్నాం. పోటీ ప్రోగ్రామ్‌ల వాళ్లు ఆ మాట కుటుంబాలకు చేరవేశారు. ఒకసారి ఆ సందేహం వచ్చాక మిగతా ముగ్గురి సంగతి కూడా నమ్మరు.

అప్పటిదాకా చేసినవి

లెక్క చూడకముందు ప్రోగ్రామ్ చేసిన పనులకు వాటి తర్కం వాటికి ఉంది. మొదటిది గోడ. లాకర్ రూమ్‌కి వెళ్లే దారిలో డ్రాఫ్ట్ అయినవాళ్ల నిలువెత్తు ఫోటోలు, హెల్మెట్లు, లైట్లు. సోషల్ మీడియాలో అదే నినాదం. ప్రతి ప్రోగ్రామ్‌కీ ఒక గోడ ఉంటుంది, లేకపోతే లోటుగా కనిపిస్తుంది. అది సరే. కానీ మా సిబ్బంది అదే గోడను అన్ని పొజిషన్ల పిల్లలకూ ఒకేలా చూపించారు. ఆఫెన్స్, అంటే బంతితో దాడి చేసే వైపు ఆడే కుర్రాడికి ఆ గోడ చెప్పింది ఏమిటంటే, ఇక్కడ తనలాంటివాడు ఒక్కడూ లేడని.

రెండోది పైకి ఎగబాకడం. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియాల్లోని నాలుగు స్టార్ల కుర్రాళ్లకు ఆఫర్లు ఇచ్చారు. ఖర్చు డబ్బు కంటే టైమ్‌లో ఎక్కువైంది. కోచ్‌లు క్యాంపస్ బయట తిరగడానికి ఎన్‌సీఏఏ ఇచ్చే రోజులు పరిమితం. ఫ్లోరిడాలో గడిపిన రోజు మన పక్క జిల్లాలో గడపలేదు. పైగా ఆ కుర్రాడి దగ్గర ఏటా పది మందిని పంపే ప్రోగ్రామ్‌ల ఆఫర్లు ఉన్నాయి. అతనికి మా నలుగురు ఒక లెక్కా? మా ఆఫర్‌ను మిగతావాళ్లతో బేరానికి వాడుకున్నారు, అంతే. మాకు అలవాటైన హైస్కూళ్ల కోచ్‌లు మాత్రం ఈ మార్పు గమనించారు. "ఇప్పుడు మేము మీకు కనబడటం లేదు" అని ఒకాయన ముఖం మీదే అన్నారు.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్న మా పూర్వ ఆటగాళ్లతో కుర్రాళ్లకు ఫోన్లు చేయిద్దామన్న ఆలోచన కంప్లయన్స్ (నిబంధనలు చూసే) ఆఫీసు దగ్గరే ఆగిపోయింది. రిక్రూటింగ్ మాటలు సిబ్బంది మాట్లాడాలి, బయటివాళ్లు కాదు. ఎన్‌ఐఎల్, అంటే ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి తీసుకునే డబ్బులో పోటీ పడటం మా బడ్జెట్‌లో లేని పని.

ఇరుకు చేసుకోవడం

మారిన మొదటి నిర్ణయం ఏమిటంటే, డ్రాఫ్ట్ మాట డిఫెన్సివ్ బ్యాక్‌లకే చెప్పడం. మిగతా పొజిషన్లకు ఆ మాట తీసుకురాకపోవడం. దీనికి గదిలో గట్టి అభ్యంతరం వచ్చింది. ఆఫెన్స్ కోచ్‌లు, మా వైపు ఏమీ లేదని మనమే ఒప్పుకున్నట్టు కదా అన్నారు. నా వాదన ఒకటే. ఆ కుటుంబాలకు అది ముందే తెలుసు. జాబితా ఫోన్‌లో అర నిమిషంలో దొరుకుతుంది. తెలిసిన విషయాన్ని దాచబోతే పోయేది మన మాట మీద నమ్మకం. ఆఫెన్స్ కోచ్‌లకు చెప్పుకోవడానికి వేరేవి ఉన్నాయి. మొదటి ఏడాదే ఆడే అవకాశం, చదువు, ఇంటికి దగ్గర. అవి చెప్పండి అన్నాం.

రెండోది ఫైళ్ల రూపం మార్చడం. ఇదే ఈ కేసులో అసలు పని, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. అప్పటిదాకా డ్రాఫ్ట్ అయిన ఆటగాడి గురించి చూపించేది చివరి సీజన్ మెరుపులు. మేము దాన్ని తిరగేశాం. మా దగ్గరే నాలుగేళ్లు పెరిగిన ఇద్దరు కార్నర్‌బ్యాక్‌లకు, వాళ్ల అనుమతి తీసుకుని, మొదటి నుంచి ఫైలు కట్టాం. హైస్కూల్‌లో తీసిన ఫిల్మ్. అప్పుడు చేతిలో ఉన్న ఆఫర్లు ఎన్ని, ఎవరివి. క్యాంపస్‌కి వచ్చిన రోజు బరువు, ప్రతి వేసవి తర్వాత బరువు. మొదటి ఏడాది ఎన్ని స్నాప్‌లు (మైదానంలో ఆడిన ఒక్కో ప్లే) ఆడాడు, రెండో ఏడాది ఎన్ని. ఏ టెక్నిక్ ఎప్పుడు మార్చారు, మార్చాక ఫిల్మ్‌లో తేడా ఏమిటి. ఓడించబడిన ఆటలు కూడా పెట్టాం. రెండో ఏడాదిలో ఒక రిసీవర్ చేతిలో వరసగా దెబ్బతిన్న ఆట ఒకటి ఉంది. హెడ్ కోచ్‌కి అది చూపించడం ఇష్టం లేదు. డిఫెన్సివ్ బ్యాక్స్ కోచ్ పట్టుబట్టాడు. మన దగ్గరికి వచ్చే కుర్రాడు ఇప్పుడు ఉన్నది ఆ ఆట దగ్గరే, అక్కడి నుంచి పైకి ఎలా వెళ్లాలో చూపిస్తేనే అతనికి పనికొస్తుంది అన్నాడు.

ఆ కోచ్ మాటే నెగ్గింది. సన్నగా, రెండే ఆఫర్లతో ఉన్న పదిహేడేళ్ల కుర్రాడు సోఫాలో కూర్చుని, తెర మీద తనకంటే సన్నగా, ఒకే ఆఫర్‌తో ఉన్న కుర్రాడిని చూస్తాడు. అప్పుడు అతని తల్లి అడిగే ప్రశ్నలు మారిపోతాయి. ఎంతమంది వెళ్లారని అడగదు. మొదటి వేసవిలో ఏం తినిపించారు, దెబ్బ తగిలితే ఎవరు చూశారు, ఆ ఆట తర్వాత కోచ్ ఏమన్నాడు అని అడుగుతుంది. ఆ ప్రశ్నలకు మా దగ్గర నిజమైన జవాబులున్నాయి.

ఆడే అవకాశం గురించిన భయానికి కూడా ఇదే ఫైలు జవాబైంది. మంచి ఆటగాళ్లు ఉన్న చోట కొత్త కుర్రాడు బెంచీ మీదే మిగిలిపోతానేమో అనుకుంటాడు. డ్రాఫ్ట్‌కి వెళ్లేవాళ్లు ఖాళీ చేసి వెళతారన్నది కూడా అంతే నిజం. ఏడాది వారీ స్నాప్‌లు చూపిస్తే, పైవాడు వెళ్లిన ఏడాదే కిందివాడు ఎలా పైకి వచ్చాడో కంటికి కనబడుతుంది.

ఇక సేఫ్టీ సంగతి. ఒకే సీజన్ ఆడిన అతన్ని హైస్కూల్ కుటుంబాలకు చూపించే సామగ్రి నుంచి తీసేశాం. కానీ పారేయలేదు. కింది డివిజన్లలో ఆడుతూ పైకి రావాలనుకునే ఆటగాళ్లతో మాట్లాడేటప్పుడు అతనిదే మొదటి ఫైలు. వాళ్లకు కావలసిన రుజువు సరిగ్గా అదే: ఒక్క సీజన్‌లో స్కౌట్ల (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల కోసం ఆటగాళ్లను వెతికేవాళ్ల) కంట పడవచ్చా? పడ్డాడు. హైస్కూల్ కుటుంబాల ముందు మా మాటను బలహీనం చేసిన వాస్తవమే ట్రాన్స్‌ఫర్ల ముందు మా బలమైంది. రెండుచోట్లా ఉన్నది ఉన్నట్టే చెప్పాం.

మూడోది హైస్కూళ్లు. పదహారేళ్ల కుర్రాడి జ్ఞాపకం రెండు మూడేళ్లు. నాలుగేళ్ల కిందటి డ్రాఫ్ట్ అతనికి పాత కథ. హైస్కూల్ కోచ్ జ్ఞాపకం ఇరవై ఏళ్లు. ఆ కార్నర్‌బ్యాక్ పదిహేడేళ్లప్పుడు ఎలా ఉండేవాడో ఆయనకు తెలుసు, కాబట్టి మేము ఎంత మార్చామో మా కంటే ఆయనే బాగా చెప్పగలడు. ఫ్లోరిడా ప్రయాణాలు తగ్గించి ఆ రోజులు డ్రాఫ్ట్ అయినవాళ్ల సొంత హైస్కూళ్లకు, వాటితో ఆడే పక్క హైస్కూళ్లకు ఇచ్చాం. అందరు హైస్కూల్ కోచ్‌లకూ తెరిచి ఉండే వసంతకాలపు క్లినిక్‌లో మా డిఫెన్సివ్ బ్యాక్స్ కోచ్ తన డ్రిల్స్ దాచకుండా నేర్పాడు. దానికీ అభ్యంతరం వచ్చింది, మన పద్ధతులు పోటీవాళ్లకు చేరతాయని. కానీ ఆ డ్రిల్స్ హైస్కూల్‌లోనే నేర్చుకున్న కుర్రాడు మా దగ్గరికి వస్తే సగం పని అయిపోయినట్టే అని తేల్చాం.

డ్రాఫ్ట్ కానివాళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నాకు ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఆ కోచ్ దగ్గర ఆడిన డిఫెన్సివ్ బ్యాక్‌లలో ఎక్కువమంది ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లలేదు, వెళ్లరు కూడా. పేర్లు లేకుండా, ఆ గుంపు మొత్తం ఏమైందో ఒక పేజీ తయారుచేశాం. ఎవరికి డిగ్రీ వచ్చింది, ఎవరు మధ్యలో వెళ్లిపోయారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు. పదిహేడేళ్ల పిల్లాడికి ఎన్‌ఎఫ్‌ఎల్ ఆశ చూపించి సంతకం తీసుకోవడం సులువు. ఆ ఆశ ఎంతమందికి నిజమవుతుందో ఇంట్లో అందరి ముందూ చెప్పి, అయినా రమ్మనడం ఆ కుటుంబం పట్ల మనకున్న బాధ్యత. ఆ పేజీ వల్ల మేము పోగొట్టుకున్న కుర్రాడు ఉన్నాడేమోగానీ, ఒక్క తల్లి కూడా ఆ పేజీ చూశాక మమ్మల్ని తక్కువగా చూడలేదు.

కోచ్ వెళ్లిపోయినప్పుడు

పొజిషన్ పేరు మీద నిలబడితే ఆ పొజిషన్ కోచ్ మీద నిలబడ్డట్టే. కోచ్ లింకన్ రైలీ సంగతి ఫుట్‌బాల్ చూసేవాళ్లకి తెలిసిందే. ఓక్లహోమాలో ఆయన దగ్గర ఆడిన బేకర్ మేఫీల్డ్ 2018లో, కైలర్ మర్రీ 2019లో మొదటి ఎంపికలుగా వెళ్లారు. 2021 చివర్లో రైలీ యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) మారితే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) కేలబ్ విలియమ్స్ ఆయన వెనకే వెళ్లి, 2024లో యూఎస్‌సీ ఆటగాడిగా మొదటి ఎంపికయ్యాడు. క్వార్టర్‌బ్యాక్‌లను తయారుచేస్తాడన్న పేరు భవనంలో మిగల్లేదు, మనిషితో వెళ్లింది.

అందుకని మా కోచ్ జీతం పెంచమని, కాంట్రాక్టు పొడిగించమని ముందే అడిగాం. పెంచారు. అయినా రెండో ఏడాది పెద్ద ప్రోగ్రామ్ ఒకటి ఆయన్ను తీసుకెళ్లింది. అంత జీతం మేము ఇవ్వలేం, ఆయన్ను తప్పుపట్టలేం. అయితే ఆ అవకాశం ఉందని తెలిసే ఒక పని చేసి ఉంచాం. ఆయన కింద పనిచేసే యువ కోచ్‌ను ప్రతి ఇంటికీ, ప్రతి హైస్కూల్‌కీ వెంట పంపాం. డ్రిల్స్, వారం వారం ప్రణాళిక అంతా రాసి, ఫిల్మ్‌తో సహా భద్రపరిచాం. ఆయన వెళ్లగానే ఆ యువ కోచ్‌కే బాధ్యత అప్పగించారు. మాటిచ్చిన కుర్రాళ్లలో ఒకరు పాత కోచ్ వెనక వెళ్లాడు. మిగతావాళ్లు ఉండిపోయారు. బయటి నుంచి పేరున్న కోచ్‌ను తెచ్చి ఉంటే అలా జరిగేది కాదని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ కుటుంబాలకు తెలిసిన ముఖం ఇతనిదే.

ఉన్న ఆటగాళ్లు

డ్రాఫ్ట్ పేరు రెండువైపులా పదునే. మా దగ్గర ఒకరు బాగా ఆడి డ్రాఫ్ట్ అయితే, పెద్ద ప్రోగ్రామ్‌లు మా తర్వాతి ఆటగాడి మీద కన్నేస్తాయి. 2021లో, ఏడాది ఆట మానుకోనక్కర్లేకుండా ఒకసారి కాలేజీ మారే వీలు, అదే ఏడాది జూలైలో ఎన్‌ఐఎల్ వచ్చాక ఇది చాలా సులువైంది. 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకు వాటా ఇస్తున్నాయి. వాళ్లు చెప్పే మాట, "అక్కడ ఉంటే స్కౌట్లు చూడరు."

దీనికి మా జవాబు డ్రాఫ్ట్ చరిత్ర. కానీ వేరే రూపంలో. మా ప్రాక్టీస్‌కి, ప్రో డేకి (స్కౌట్ల ముందు ఆటగాళ్లు సత్తా చూపించే రోజు) ఏయే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల స్కౌట్లు వచ్చారో ఆ ఆటగాడికి చూపించాం. టొలీడో కార్నర్‌బ్యాక్ క్విన్యన్ మిచెల్ ఉదాహరణ కూడా చెప్పాం. మధ్య స్థాయి కాన్ఫరెన్స్‌లోనే చివరిదాకా ఉండి, 2024లో 22వ ఎంపికగా ఫిలడెల్ఫియాకి వెళ్లాడు. ఇలా మాట్లాడి ఒక కార్నర్‌బ్యాక్‌ను నిలుపుకున్నాం. ఇంకొకరు వెళ్లిపోయారు. వెళ్లినతని ఇంట్లో డబ్బు అవసరం ఉంది. స్కౌట్ల జాబితా దానికి జవాబు కాదు. అతన్ని ఆపడానికి ఇంకో మాట చెప్పి ఉండాల్సిందని నేను అనుకోను.

ఫలితం

క్లాస్ ర్యాంకు పెద్దగా మారలేదు. దాన్నే కొలతగా పెట్టుకుంటే ఈ పనంతా వృథా అనాలి. లోపల చూస్తే వేరే బొమ్మ ఉంది. డిఫెన్సివ్ బ్యాక్‌లలో ఇదివరకు మేము ఓడిపోయే సాటి ప్రోగ్రామ్‌ల మీద గెలవడం మొదలైంది. మేము ముందుగా కోరుకున్న కుర్రాళ్లే వచ్చారు, త్వరగా మాటిచ్చారు, మాట మీద నిలబడ్డారు. దూరమైన హైస్కూళ్లు మళ్లీ దగ్గరయ్యాయి. ఆఫెన్స్‌లో ఏ మార్పూ లేదు.

మధ్యలో జట్టు ఒక మంచి సీజన్ ఆడింది. కాబట్టి ఈ మెరుగు గెలుపుల వల్ల వచ్చింది కాదా అని అథ్లెటిక్ డైరెక్టర్ అడిగారు. సరైన ప్రశ్న. నేను చూసింది లోపలి తేడా. గెలుపులు, స్టేడియం, ఊరు, హెడ్ కోచ్, ఇవన్నీ అన్ని పొజిషన్లకూ ఒకటే. గెలుపుల వల్లే అయితే రిసీవర్లు, లైన్ ఆటగాళ్లు కూడా పెరగాలి. పెరగలేదు. ఒకే ఇంట్లో ఒక గదిలోనే మార్పు వచ్చిందంటే కారణం ఆ గదిలోనే వెతకాలి. చిన్న సంఖ్యలు కాబట్టి ఇంతకంటే గట్టిగా చెప్పను.

పాఠాల్లో మొదటిది సమయం గురించి. ఇవాళ సంతకం చేసిన కుర్రాడు డ్రాఫ్ట్ దాకా వెళ్లడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. ఆ ఫలితాన్ని వాడుకునే రోజుకు అతన్ని రిక్రూట్ చేసినవాళ్లు, నేర్పినవాళ్లు అక్కడ ఉండకపోవచ్చు. అందుకే డ్రాఫ్ట్ జరిగిన వారంలో సంబరం కంటే ముందు ఆ ఆటగాడి ఫైలు పూర్తి చేయాలి. బరువుల రికార్డు, ఫిల్మ్, నేర్పినవాళ్ల నోట్స్ ఆ తర్వాత దొరకవు. రెండోది, ఒకే పేరు ఎవరి ముందు చెబుతున్నామన్నదాన్ని బట్టి దాని విలువ మారుతుంది. మా సేఫ్టీ సంగతి చూశారుగా.

తల్లిదండ్రులకు నేను ఇప్పుడు చెప్పేది కూడా ఇందులోంచే వచ్చింది. ఎంతమంది వెళ్లారని అడగండి. దాంతో ఆగకండి. మా అబ్బాయి పొజిషన్ నుంచి ఎవరు? వాళ్లు హైస్కూల్ నుంచి నేరుగా వచ్చారా, చివరి ఏడాది వచ్చారా? వచ్చినప్పుడు ఎలా ఉన్నారు? వాళ్లకు నేర్పిన కోచ్ ఇంకా ఉన్నాడా? అదే గదిలో ఉండి వెళ్లనివాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? ఈ చివరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే కోచ్ ఉంటే, ఆ కాలేజీకి ఇంకోసారి వెళ్లండి.

మా దగ్గర ఇప్పుడు తేలని విషయం డిఫెన్సివ్ ఎండ్. నలుగురిలో అతనొక్కడే ఆ పొజిషన్. మా దగ్గరే పెరిగాడు, కోచ్ కూడా ఉన్నాడు, కానీ ఒక్కడే. కొత్త క్లాస్ కోసం అతని ఫైలు కూడా కట్టాలని డిఫెన్సివ్ లైన్ కోచ్ అడుగుతున్నాడు. అదే గదిలో ఇంకో కుర్రాడు ఈ సీజన్ స్కౌట్ల దృష్టిలో పడ్డాడు. ఫైలు కడుతున్నాం. ఆ పొజిషన్ పేరు మీద మాత్రం వచ్చే ఏప్రిల్ డ్రాఫ్ట్ అయ్యాకే మాట్లాడదామని చెప్పాను.